రెండోసారి తీసిన రక్తం

మైలాపూరు పేరెత్తితే తెలుగువాళ్ళకు వెంటనే గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. కపాలీశ్వరుడి కోవెల, లజ్‌లో అమృతాంజనం, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్, 1937లో ఆ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడిక. అదే మైలాపూరులోని ప్రభుత్వ విజిలెన్స్ హోం మాత్రం ఎవరి జ్ఞాపకాల్లోకీ రాదు. వ్యభిచార నిరోధక చట్టం కింద పోలీసులు పట్టుకొచ్చిన స్త్రీలను, దిక్కులేని స్త్రీలను మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద అక్కడ ఉంచేవారు. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉందని 1986లో రుజువు చేసింది అక్కడి స్త్రీల రక్తమే. ఇలా రక్తాన్ని పరీక్షించడానికి ఆస్పత్రుల్లో పెథాలజీ, మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ అనే విభాగాలుంటాయి. రోగి వాటిలోకి అడుగుపెట్టడు, రిపోర్టు మీద వచ్చిన అంకెలే చూస్తాడు. ఆ విభాగాల్లో జరిగే పరిశోధనకు ముడిసరుకు మన ఒంట్లోంచి తీసిన రక్తం, కోసి తీసిన ముక్క. అది ఇచ్చిన మనిషికీ, దాన్ని పరీక్షించిన మనిషికీ మధ్య ఏ సంబంధం ఉండాలన్నది ఈ ప్రసంగానికి విషయం. రక్తం తీసేముందు విషయం చెప్పి, అర్థమయ్యేలా వివరించి, ఒప్పుకున్నాకే తీసుకోవడాన్ని చాలామంది వైద్యులు ధర్మానికి సంబంధించిన మాటగా, పరిశోధనను ఆలస్యం చేసే తతంగంగా చూస్తారు. అది ప్రయోగశాల పద్ధతిలోనే ఒక భాగమనీ, అది లోపించిన చోట శాస్త్రమే సగంలో ఆగిపోతుందనీ నా వాదన. ఆ వాదనకు సాక్ష్యం మద్రాసు చరిత్రలోనే కావలసినంత ఉంది.

జరిగినదేమిటో ముందు చూద్దాం. హెచ్.ఐ.వి. తెచ్చే ఎయిడ్స్ జబ్బు తొలి వార్త 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు వైరస్‌ను వేరుచేశారు. 1985 మార్చిలో రక్తపరీక్ష కిట్టుకు అమెరికాలో అనుమతి దొరికింది. అప్పట్లో మన దగ్గర వినిపించిన మాట ఒక్కటే. అది పాశ్చాత్యుల విచ్చలవిడితనానికి వచ్చిన రోగం, మన సంసారాలు దాన్ని గుమ్మం తొక్కనివ్వవు. బొంబాయిలో కొన్ని వందలమందిని పరీక్షిస్తే ఎవరికీ లేదని తేలడంతో ఆ ధీమా ఇంకా పెరిగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ డాక్టర్ సునీతి సోలొమన్‌కు ఆ ధీమా మీద నమ్మకం కుదరలేదు. పెథాలజీలో విదేశీ శిక్షణ పొంది 1973లో మద్రాసు తిరిగొచ్చినావిడ ఆమె. తన దగ్గర పి.జి. చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు థీసిస్ అంశంగా దీన్నే సూచించారు. ఒకటీ రెండూ కాదు, 200 నమూనాలు సేకరించాలని అనుకున్నారు. నిర్మల జనరల్ ఆస్పత్రికీ, అక్కడ పరిచయమైన స్త్రీల ద్వారా విజిలెన్స్ హోంకూ వెళ్ళి, మూడు నెలల్లో 80కి పైగా నమూనాలు తీశారు. చేతికి గ్లవ్స్ లేవు. సీరం వేరుచేయడానికి సోలొమన్ దంపతులు చిన్న ప్రయోగశాల ఒకటి తాత్కాలికంగా అమర్చారు. భద్రపరచడానికి మరో చోటు లేక నమూనాలు నిర్మల ఇంటి ఫ్రిజ్‌లోకి చేరాయి. పరీక్ష చేసే సదుపాయం మద్రాసులో లేదు. 1986 ఫిబ్రవరిలో నిర్మల తన భర్తతో కలిసి రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, ఆటోలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి నమూనాలు చేర్చారు. అక్కడ వైరాలజీ విభాగం చూస్తున్న డాక్టర్ జేకబ్ జాన్, తన దగ్గరి జార్జ్ బాబు, ఎరిక్ సిమోయిస్‌లను తోడిచ్చారు. మధ్యాహ్నం కరెంటు పోయి, టీ తాగి తిరిగొచ్చి ప్లేటు మూత తీస్తే ఆరు గుంటలు పసుపెక్కి ఉన్నాయి. ఈ కథను పత్రికలు ఎక్కువగా ఒక విద్యార్థిని సాహసంగా రాశాయి. సాహసమే, సందేహం లేదు. కానీ కథ అక్కడ ఆపితే అందులోని శాస్త్రం మనకు అందదు.

ఆ పసుపురంగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు? ఎలైజా అనే ఆ పరీక్ష వైరస్‌ను నేరుగా చూడదు. వైరస్ ఒంట్లో చేరాక మన రోగనిరోధక వ్యవస్థ దాని మీద తయారుచేసిన యాంటీబాడీలను పట్టుకుంటుంది. ప్లేటు గుంటల్లో వైరస్ ప్రొటీన్లు పూసి ఉంటాయి. సీరంలో తగిన యాంటీబాడీలుంటే వాటికి అతుక్కుంటాయి. మిగతాదంతా కడిగేశాక, ఎంజైము తగిలించిన ఇంకో యాంటీబాడీ వేస్తారు, దానిమీద రంగుమారే రసాయనం వేస్తారు. అతుక్కున్నది ఏదైనా ఉంటే గుంట పసుపెక్కుతుంది. చిక్కల్లా ఏమిటంటే, అతుక్కున్నది మనం వెతుకుతున్నదే కావాలని లేదు. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లో తొలితరం కిట్లు లేని రోగాన్ని ఉన్నట్టు చూపిస్తున్నాయని ఆఫ్రికా అనుభవం అప్పటికే చెబుతోంది. దీనిపైన ఒక చిన్న లెక్క ఉంది, ఇది పెథాలజీ విద్యార్థి మొదట నేర్చుకోవాల్సిన లెక్క. రోగం వెయ్యిమందిలో ఒకరికే ఉందనుకోండి. పరీక్ష నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుందనుకోండి. వెయ్యిమందినీ పరీక్షిస్తే నిజంగా ఉన్న ఆ ఒక్కరూ దొరుకుతారు, వారితోపాటు లేనివాళ్ళలో పదిమంది కూడా ఉన్నట్టు తేలుతారు. పదకొండు పసుపు గుంటల్లో పది అబద్ధం. నూటికి 99 పాళ్ళు సరైన పరీక్ష, అరుదైన రోగం దగ్గరికొచ్చేసరికి, ఉందని చెప్పినప్పుడు పదకొండింట పదిసార్లు తప్పుతుంది. ఒక దేశంలో రోగం ఉందో లేదో తెలియనప్పుడు మొదటి పసుపురంగును చూసి ఎగిరి గంతేసేవాడు శాస్త్రజ్ఞుడు కాడు. వేలూరులో వాళ్ళు గంతెయ్యలేదు. సంగతి బయటికి పొక్కనివ్వలేదు. సోలొమన్, బాబు, సిమోయిస్ మళ్ళీ విజిలెన్స్ హోంకు వెళ్ళి ఆ ఆరుగురు స్త్రీల దగ్గర రెండోసారి రక్తం తీశారు. సిమోయిస్ ఆ నమూనాలను అమెరికా తీసుకెళితే, వైరస్ ప్రొటీన్లను ఒక్కొక్కటిగా విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో ఫలితం ఖాయమైంది. ఆ మేలో రాష్ట్ర ఆరోగ్యమంత్రి డాక్టర్ హండే తమిళనాడు శాసనసభలో ప్రకటన చేశారు.

నా వాదనకు ఆయువుపట్టు ఈ రెండో రక్తమే. మొదటిసారి తీసిన రక్తం ఒక గుంపుది. ఎవరిదైనా ఫరవాలేదు, లెక్కకు ఒకటి. రెండోసారి తీసేది ఒక మనిషిది. ఫలానా ఆమే కావాలి, ఆమె ఉన్నచోటు తెలియాలి, ఆమె మళ్ళీ చెయ్యి చాపాలి. హోం గోడల మధ్య ఉన్నారు కాబట్టి ఆ ఆరుగురూ దొరికారు. బయట ఉంటే వాళ్ళను వెతికి పట్టుకునే దారేదీ ఆ పరిశోధనకు లేదు, ఎందుకంటే తీసిందేమిటో, ఎందుకు తీశారో వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళు సుఖరోగాల పరీక్ష అనుకున్నారు. ఈ విషయం నిర్మల తర్వాతికాలంలో దాచకుండా చెప్పారు కూడా. అంటే దేశ వైద్యచరిత్రలో అంత ముఖ్యమైన నిర్ధారణ, నమ్మకం ఉండాల్సిన చోట తాళం ఉంది కాబట్టి సాధ్యపడింది. తాళం మీద ఆధారపడి ఒక్కసారి నిర్ధారించగలం. రోగనిరోధక వ్యవస్థను అధ్యయనం చేయలేం. ఇమ్యునాలజీ స్వభావమే అలాంటిది. హెచ్.ఐ.వి. దెబ్బతీసేది సీడీ4 కణాలను. ఆరోగ్యవంతుడికి ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి, 200 కన్నా తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. ఒకరోజు 400 వచ్చిందంటే దానికి సొంతంగా పెద్ద అర్థం లేదు. ఆరునెలల కింద 700 ఉండేదా, 200 ఉండేదా అన్నదాన్ని బట్టి ఆ 400 కీడు సూచన కావచ్చు, కోలుకుంటున్న గుర్తు కావచ్చు. సోకిన తొలివారాల్లో యాంటీబాడీలు తయారుకావు కాబట్టి అప్పుడు లేదని వచ్చిన ఫలితం కూడా మళ్ళీ చూస్తేగాని నిలవదు. అదే మనిషి, అదే చెయ్యి, నెలల తరబడి, ఏళ్ళ తరబడి తిరిగి రావాలి. అలా తిరిగి రప్పించేది నమ్మకం. సూక్ష్మదర్శినికి అద్దం ఎంత అవసరమో ఈ విభాగపు పరిశోధనకు అది అంత అవసరం.

అది లేనప్పుడు ఏమైందో ఆ తర్వాతి నాలుగేళ్ళు చూపిస్తాయి. రక్తంలో వైరస్ ఉందని తేలిన స్త్రీలను శిక్షాకాలం ముగిసినా విజిలెన్స్ హోం నుంచి వదలలేదు. బొంబాయి నుంచి ప్రత్యేక రైల్లో తీసుకొచ్చిన వందలమంది దక్షిణాది స్త్రీలనూ అడగకుండానే పరీక్షించి, వైరస్ ఉన్నవాళ్ళను నిర్బంధించారు. పాత్రికేయురాలు శ్యామలా నటరాజ్ మద్రాసు హైకోర్టుకెక్కాక 1990లో విడుదలకు ఉత్తర్వు వచ్చింది. గోవాలో అంతకుముందు ఏడాది, స్వచ్ఛందంగా రక్తదానం చేసే డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ణి, అతనిచ్చిన రక్తంలో వైరస్ కనిపించిందని పాత క్షయ ఆస్పత్రి భవనంలో 64 రోజులు బంధించారు. తనకేమైందో అతనికి చెప్పినవాళ్ళు కూడా లేరు. రక్తం ఇవ్వడమనే మంచిపనికి ఇది ఫలితమైతే ఇంకెవరు ఇస్తారు? పరీక్ష పేరు చెబితే జనం పారిపోయే పరిస్థితి అలా వచ్చింది. పారిపోయినవాళ్ళు లెక్కలోకి రారు. లెక్కలోకి రానివాళ్ళున్న లెక్క తప్పు లెక్క. అధికారులు రోగాన్ని కట్టడి చేస్తున్నామనుకుని రోగం జాడను చెరిపేశారు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఆనాడు చెప్పి అడిగి ఉంటే ఎవరు ఒప్పుకునేవారు? ఒప్పుకోకపోతే కనుగొనడం రెండేళ్ళు ఆలస్యమయ్యేది, ఆ రెండేళ్ళలో బ్లడ్ బ్యాంకుల ద్వారా ఎంతమందికి అంటుకునేదో కదా? పైగా అప్పటికి మందు లేదు. తొలి మందు జిడోవుడిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చిందే 1987 మార్చిలో. చెప్పి ఏం ప్రయోజనం? ఇందులో చివరిమాట నుంచి మొదలుపెడతాను. మందు లేని రోజుల్లో ఆ స్త్రీకి తెలిసే సంగతి విలువ ఎక్కువే. ఎవరికి అంటకుండా చూడాలి, బిడ్డను కనాలా వద్దా, ఉన్న ఆయుష్షును ఎవరి దగ్గర గడపాలి అన్నవి మందులతో తేలే విషయాలు కావు. ఇక ఎవరూ ఒప్పుకునేవారు కాదన్న మాట. ఇది ఊహ. ఊహను పరీక్షించే అవకాశం చరిత్ర మనకు తర్వాత ఇచ్చింది. 2005, 2006ల్లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటింటికీ వెళ్ళి, వివరించి, ఒప్పుకుంటేనే వేలి నుంచి రక్తం చుక్క తీసుకున్నారు. లక్ష మందికి పైగా ఇచ్చారు. అడిగిన స్త్రీలలో నూటికి 85 మంది, పురుషులలో 78 మంది ఇచ్చారు. దేశమంతా ఈ జబ్బంటే వణికిపోతున్న కాలం అది. అప్పుడు అంతమంది ఒప్పుకున్నారంటే, అడిగితే ఇవ్వరన్న భయం అడిగేవాళ్ళ మనసులోనే ఎక్కువ ఉందని నేననుకుంటాను. పురుషులు స్త్రీలకన్నా వెనకాడారన్నది మాత్రం గమనించదగ్గ సంగతే.

తెలుగునేల మీద దీనికి ఇంకా గట్టి సాక్ష్యం గుంటూరులో దొరుకుతుంది. అప్పటిదాకా దేశంలో రోగుల సంఖ్యను గర్భిణీ స్త్రీల క్లినిక్కులు, సుఖరోగాల క్లినిక్కుల్లో ఇతర పరీక్షలకు తీసిన రక్తంలో మిగిలినదాన్ని, పేరు చెరిపేసి పరీక్షించి అంచనా కట్టేవారు. హైదరాబాదు పరిశోధకులు గుంటూరు జిల్లాలో పల్లెలకూ, పట్నాలకూ వెళ్ళి 12,600 మందికి పైగా వయోజనుల నుంచి రక్తపు చుక్కలు సేకరించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. వయోజనుల్లో వైరస్ ఉన్నవాళ్ళు సుమారు 1.7 శాతమని తేలింది. క్లినిక్కుల లెక్కప్రకారం వేసిన అంచనా దానికి దాదాపు రెండున్నర రెట్లుంది. మరుసటి ఏడాది, ఇంటింటి సర్వే ఫలితాలు కూడా కలిశాక, దేశం మొత్తం అంచనా 50 లక్షల పైనుంచి 25 లక్షల దగ్గరికి దిగింది. ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. పాత అంచనా తప్పడానికి కారణం అనుమతి అడగకపోవడం కాదు. ప్రభుత్వాస్పత్రులకు వచ్చేవాళ్ళు, అందులోనూ అనుమానంతో పంపబడినవాళ్ళు, మొత్తం జనాభాకు నమూనా కాకపోవడం. కానీ ఆ తప్పు దిద్దాలంటే ఏం చేయాల్సివచ్చిందో చూడండి. దొరికిన చోట దొరికిన రక్తాన్ని వదిలి, మనుషుల గడపకు వెళ్ళి అడగాల్సివచ్చింది. సులువుగా దొరికే రక్తం ఎప్పుడూ ఒకవైపు మొగ్గే ఉంటుంది. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్ళది, హోంలో బందీగా ఉన్నవాళ్ళది, కాదనే స్థోమత లేనివాళ్ళది. సరైన నమూనా కావాలంటే కాదనగలిగినవాళ్ళను కూడా కలుపుకోవాలి. కాదనగలిగినవాణ్ణి కలుపుకోవాలంటే అడగడం తప్ప దారిలేదు.

మరి పేరు చెరిపేసి చేసే పరీక్ష తప్పా అంటే, నేనంత దూరం వెళ్ళను. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టం పరీక్షకూ, పరిశోధనకూ తెలియజెప్పి తీసుకున్న సమ్మతి తప్పనిసరి చేస్తూనే, ఎవరిదో తెలియకుండా, ఒక వ్యక్తికి ఉందో లేదో తేల్చే ఉద్దేశం లేకుండా చేసే వ్యాప్తి పరిశీలనకు మినహాయింపు ఇచ్చింది. బ్లడ్ బ్యాంకుల్లో రక్తం పరీక్షకూ ఇచ్చింది. అది సబబే. అయితే ఆ మినహాయింపుతో ఏం దొరుకుతుందో కూడా తెలిసి ఉండాలి. ఒక ఊరి గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. పేరు చెరిపేశాక రెండోసారి రక్తం అడిగే వీలు లేదు, సీడీ4 ఎటు పోతోందో చూసే వీలు లేదు, మందు పనిచేసిందా అని అడిగే వీలు అసలే లేదు. ఆ పద్ధతి గట్టు మీద నిలబడి నీటిమట్టం కొలుస్తుంది, నీళ్ళలో ఉన్నవాడికి అది చెయ్యి అందించదు.

చెయ్యి అందించే పరిశోధన ఎలా ఉంటుందో చూపించింది కూడా మద్రాసే, అదీ ఆ సునీతి సోలొమన్ గారే. 1993లో ఆవిడ ప్రభుత్వ కాలేజీ వదిలి వై.ఆర్. గైతొండే కేంద్రాన్ని స్థాపించారు. తాము ఇష్టపడి వచ్చినవాళ్ళకు, ముందు కూర్చోబెట్టి మాట్లాడి, పరీక్ష చేసి, ఫలితం వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి అక్కడ మొదలైంది. 1986లో చెప్పకుండా తీసిన పనికీ, 1993లో చెప్పి తీసిన పనికీ మధ్య ఉన్న మనిషి ఒక్కరే కావడం నాకు ముఖ్యంగా తోస్తుంది. బయటివాళ్ళెవరో వచ్చి నీతి చెబితే మారిన పద్ధతి కాదిది. రోగుల మధ్య పనిచేసిన పరిశోధకురాలు పనిలోంచే నేర్చుకున్న పద్ధతి. దాని ఫలితాలు చూడండి. ఆ కేంద్రానికి వచ్చిన వైరస్ సోకిన స్త్రీలు 134 మంది వివరాలతో 2000లో ఒక పత్రం వెలువడింది. వాళ్ళలో నూటికి సుమారు 88 మంది జీవితంలో ఒక్క పురుషుణ్ణే ఎరిగినవాళ్ళు, ఎక్కువమంది ఇల్లాళ్ళు. ఈ జబ్బు హోంలో పెట్టి తాళం వేయాల్సిన స్త్రీల జబ్బన్న సిద్ధాంతాన్ని కూల్చిన వాక్యమది. ఇది ఎలైజా ప్లేటు మీద కనిపించే సంగతి కాదు. ఎవరు ఎవరి భార్యో, ఆమె గతమేమిటో ఏ పసుపురంగూ చెప్పదు. ఎదురుగా కూర్చున్న కౌన్సిలర్ మీద నమ్మకంతో ఆమె నోరు విప్పితేనే తెలుస్తుంది.

ఆ తర్వాత వచ్చినది ఇంకా పెద్దది. హెచ్.పి.టి.ఎన్. 052 అనే అధ్యయనం తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద జరిగింది. మన దేశంలో చెన్నై, పూణే కేంద్రాలు. చెన్నైలో చేసింది గైతొండే కేంద్రం. జంటలో ఒకరికి వైరస్ ఉంది, ఇంకొకరికి లేదు. కొందరికి మందులు వెంటనే మొదలుపెట్టారు, కొందరికి ఆనాటి నియమం ప్రకారం సీడీ4 తగ్గాకే మొదలుపెట్టారు. 2011లో లెక్క చూస్తే, వైరస్ జన్యుక్రమాన్ని పోల్చి భాగస్వామి నుంచే అంటుకుందని రుజువైన కేసులు 28. అందులో 27 ఆలస్యంగా మందు మొదలుపెట్టిన జంటల్లో, ఒక్కటి మాత్రమే వెంటనే మొదలుపెట్టిన జంటల్లో. వెంటనే మొదలుపెట్టిన మందు భాగస్వామికి అంటుకోవడాన్ని 96 శాతం తగ్గించిందన్నమాట. సైన్స్ పత్రిక దాన్ని ఆ ఏటి అతిపెద్ద పురోగతిగా ఎంచింది. ప్రపంచమంతటా ఈ రోజు వైరస్ ఉందని తెలిసిన వెంటనే మందు మొదలుపెట్టే విధానానికి బలమైన పునాదుల్లో ఇదొకటి. ఆ పరిశోధన ప్రశ్నను ఒకసారి గమనించండి. భార్యాభర్తలిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి, ఏళ్ళ తరబడి ఇద్దరూ తిరిగి రావాలి. సమ్మతి లేకుండా ఈ ప్రశ్న వేయడమే కుదరదు. విజిలెన్స్ హోం పద్ధతిలో ఎన్ని వేల నమూనాలు తీసినా ఆ 27కూ ఒకటికీ తేడా ఎప్పటికీ బయటపడేది కాదు.

చదువురాని పేదలకు వివరిస్తే అర్థమవుతుందా అని ఇంకో అభ్యంతరం ఉంది. ఇది వైద్యులు పైకి అనరు, లోపల అనుకుంటారు. 1986 నాటి పరిశోధనలో చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. దీనికి జవాబు అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ ముందే మద్రాసులో వచ్చింది. 1956లో ఇక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల పర్యవేక్షణ ఉంటేనే క్షయ నయమవుతుందన్నది అప్పటి నమ్మకం. మురికివాడల్లో ఇరుకిళ్ళలో ఉండే పేదలు ఏడాదిపాటు రోజూ మందు మింగుతారని ఎవరూ అనుకోలేదు. 193 మంది రోగుల్ని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఇంట్లోనే మందిచ్చారు. 1959లో వచ్చిన ఫలితంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచమంతా శానటోరియాలు మూతబడటానికి ఆ ఫలితం దోహదం చేసింది. పేదవాడికి అర్థంకాదనుకున్నది పెద్దలకు అర్థంకాకపోవడమే. వివరించడానికి సమయం పడుతుంది, దానికి మనిషిని పెట్టాలి, జీతమివ్వాలి. అసలు ఇబ్బంది అక్కడుంది గానీ రోగి బుర్రలో లేదు.

ఆనాటి ప్రమాణాలతో ఆనాటివాళ్ళను తూచాలి కదా అనేవాళ్ళున్నారు. తూచుదాం. మనుషుల మీద పరిశోధనకు సమ్మతి కావాలని హెల్సింకి ప్రకటన 1964లోనే చెప్పింది. మన వైద్య పరిశోధన మండలి కూడా 1980లో నీతి సూత్రాలు ప్రకటించింది. కాబట్టి ప్రమాణాలు లేవనలేం, ప్రయోగశాల గుమ్మందాకా అవి రాలేదంతే. గ్లవ్స్ లేకుండా రక్తం తీసిన విద్యార్థిని మీద ఆ లోటు మోపడం అన్యాయం. ఆమె తన ప్రాణాన్నే పణంగా పెట్టింది. 1987 మార్చిలో తమిళనాడులో ఎయిడ్స్ వ్యాప్తి పరిశీలన మీద థీసిస్ సమర్పించి, తర్వాత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకాల తయారీ పనిలో చేరి, 2010లో రిటైరైంది. సునీతి సోలొమన్ 2015 జూలైలో కన్నుమూశారు, 2017లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఆరుగురు స్త్రీలకు ఏ జాబితాలోనూ చోటు లేదు. పేర్లు బయటపెట్టకూడదన్నది సరే, కానీ ఈ నిర్ధారణలో వాళ్ళ వాటా ఎంతో చెప్పడానికి పేర్లు అవసరం లేదు.

ఈ మాటలు పాతకథగా మిగిలిపోతే ఈ ప్రసంగం అనవసరం. నేటి పెథాలజీ విభాగాల్లో మైనంలో భద్రపరిచిన కణజాలపు ముక్కలు, గడ్డకట్టించిన సీరం గొట్టాలు బీరువాల నిండా ఉన్నాయి. అప్పుడు లేని జన్యుపరీక్షలు ఇప్పుడు వాటిమీద జరుగుతున్నాయి. పాత నమూనాలో కొత్త సంగతి బయటపడే రోజులివి. రొమ్ము క్యాన్సర్‌కు దారితీసే జన్యులోపం ఒకటి పదేళ్ళనాటి ముక్కలో కనిపిస్తే, ఆ సంగతి ఆమె కూతురికి కూడా అక్కరకొస్తుంది. అయినా చాలాచోట్ల సమ్మతి పత్రం మీద సంతకం ఉంటుంది గానీ తిరిగి చేరే దారి ఉండదు. వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మార్గదర్శకాలు మిగిలిన నమూనాల వాడకం గురించీ, భవిష్యత్ పరిశోధనకు సమ్మతి గురించీ వివరంగా చెప్పాయి. పాల్గొనేవారికి తెలిసిన భాషలో పత్రం ఉండాలని కూడా చెప్పాయి. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి నుంచి చెన్నై ఆస్పత్రులకు రోజూ వందలమంది తెలుగువాళ్ళు వస్తారు. వాళ్ళ చేతికి తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితమిచ్చి సంతకం పెట్టించడం సమ్మతి కాదు. అలాంటి కాగితం మీ ముందుకొస్తే తెలుగులో అడగండి. తెలుగులో ఇచ్చాక మూడు సంగతులు వెతకండి. ఈ రక్తం ఈ ఒక్క పరిశోధనకేనా, మిగిలినది దాస్తారా? దాచినదాంట్లో మీ ఆరోగ్యానికి పనికొచ్చేది తేలితే మీకు కబురు చేస్తారా? ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చా, అందుకు ఎవరికి ఫోన్ చేయాలి? మూడో ప్రశ్నకు ఫోన్ నంబరు దాదాపు అన్ని పత్రాల్లోనూ ఉంటుంది. ఎక్కువగా ఖాళీ ఉండేది రెండో ప్రశ్న దగ్గర. ఆ గడి నింపించుకున్నాకే సంతకం పెట్టండి.